బుద్ధిగల డీజేకు మాత్రమే అనుమతి

ఆ జిల్లాలో డీజేల మోత భరించలేక ముందు జనం అర్జీలు పెట్టుకున్నారు. పెళ్లి ఊరేగింపు పోతుంటే కిటికీ అద్దాలు రాలుతున్నాయని ఒకరు, బాలింతలు దడుచుకుంటున్నారని ఒకరు, తన బర్రె రెండు పూటలా పాలు ఎగ్గొడుతోందని ఒకరు. ఇలాంటి అర్జీలకు మామూలుగా పట్టే గతే వీటికీ పట్టాల్సింది. సరిగ్గా అప్పుడే ధ్వని సంస్కార శాఖ డైరెక్టరు ప్రబోధరావు గారు విదేశీ పర్యటన ముగించుకుని వచ్చారు.

పర్యటన పదకొండు రోజులు. విషయం నగర శబ్ద నియంత్రణ. అందులో ఒక సాయంత్రం ఆయన్ని ఎవరో ఒక హాలుకు తీసుకెళ్లారు. అక్కడ ఒకాయన ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఏవో చప్పుళ్లు చేస్తుంటే, నాలుగు వందల మంది గడ్డాలవాళ్లు చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, ఉన్నచోటు నుంచి కదలకుండా విన్నారట. ఇదేమిటయ్యా అంటే పక్కాయన "ఇంటెలిజెంట్ డాన్స్ మ్యూజిక్" అన్నాడు. ప్రబోధరావు గారి ఒళ్లు పులకరించింది. డీజే ఉన్నాడు, జనం ఉన్నారు, తోపులాట లేదు. ఒక్కడూ కాలు కదపలేదు. ఇంత క్రమశిక్షణ గల వినోదాన్ని ఆయన తన ఇరవై ఆరేళ్ల సర్వీసులో చూడలేదు.

ఆయన విమానం దిగిన తొమ్మిదో రోజున ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట జిల్లాలో "మేధో నృత్య సంగీతము" తప్ప మరే డీజే మోగరాదు. మోగించగోరువారు తమ సంగీతమునకు బుద్ధి కలదని మండలి ఎదుట నిరూపించుకొని ధ్రువపత్రము పొందవలెను. ధ్రువపత్రము లేని సౌండు బాక్సులు స్వాధీనము చేసుకొనబడును. ఇంగ్లిషు మాటను తెలుగు చేసింది సెక్షన్ సూపరింటెండెంటు శేషశయనం. చేసి ఊరుకుంటే బాగుండేది. దాని కింద ఒక నిర్వచనం కూడా తగిలించాడు: "మేధో నృత్య సంగీతము అనగా మేధతో మాత్రమే నర్తించదగినది. మేధ అనగా మెడకు పైభాగము."

జిల్లాలోని నూట నలభై మంది డీజేలూ తలలు పట్టుకున్నారు. సంబరపడ్డవాడు ఒక్కడే. అతని పేరు ఓదెలు.

ఓదెలుది మరమగ్గాల ఊరు. ఆ ఊళ్లో మరమగ్గం అని ఎవరూ అనరు, సాంచె అంటారు. పగలు మోటార్లకు కాయిల్ చుట్టడం అతని పని. పని లేనప్పుడల్లా చెవులకు హెడ్‌ఫోన్లు. ప్రబోధరావు గారు పదకొండు రోజుల్లో కనిపెట్టిన సంగీతాన్ని అతను పదిహేనేళ్లుగా వింటున్నాడు, సొంతంగా చేస్తున్నాడు. ఎక్కడో చలిదేశాల్లో గది తలుపులేసుకుని ఆ ట్రాకులు తయారుచేసే ప్రొడ్యూసర్ల పేర్లన్నీ అతనికి మేనమామల పేర్లలాగా నోటికొచ్చు. ఒకే ట్రాకును నలుగురు రీమిక్స్ చేస్తే ఎవరు ఎక్కడ ఏ దెబ్బ ఎత్తేశారో, ఎవరు దాన్నే తిరగేసి అతికించారో చెప్పగలడు. కొత్తగా వినేవాడికి అదంతా గజిబిజి. దరువు ఇక్కడ పడుతుందనుకుంటే పడదు, అక్కర్లేదనుకున్నచోట రెండు పడతాయి. ఓదెలుకు మాత్రం మొదటిసారి విన్నప్పుడే సొంతింటికి వచ్చినట్టనిపించింది. వాళ్లమ్మ రాజవ్వ పనిచేసే కార్ఖానాలో ఒకే రేకుల షెడ్డు కింద ముప్పై రెండు సాంచెలు నడిచేవి. ఏ రెండింటి వేగమూ ఒకటి కాదు. ఒకదాన్నొకటి తరుముకుంటూ, కాసేపటికి అన్నీ ఒక్కచోట కలిసి, మళ్లీ చెదిరిపోయేవి. ఆ మోతలో ఉయ్యాల ఊగినవాడికి ఈ సంగీతం కొత్తేమిటి?

ఊరికి మాత్రం అది పట్టలేదు. ఒకసారి పెళ్లి బరాత్‌లో ధైర్యం చేసి మోగిస్తే పెళ్లికొడుకే కారు దిగొచ్చి, "అన్నా, డబ్బ కరాబైందా?" అని జాలిగా అడిగాడు.

ఇప్పుడు ఆ కార్ఖానా మూతపడింది. కరెంటు తీసేసి రెండు నెలలైంది. వచ్చే నెల మొదటి శుక్రవారం లారీ వస్తుంది, సాంచెలన్నీ పాత ఇనుములోకి పోతాయి. ఓదెలు మూడేళ్లు కష్టపడి ఒక్కో సాంచె చప్పుడునూ కూడగట్టి, కోసి, పేర్చి నలభై రెండు నిమిషాల మిక్స్ ఒకటి తయారుచేసి పెట్టుకున్నాడు. దాని పేరు కూడా "సాంచెలు". రాజవ్వ దాన్ని వినలేదు. వినే వీలూ లేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ షెడ్డులో కూర్చుని కండెలు చుట్టి, అంటే సాంచెకు అందించే నూలు చిన్న పుల్లలకు చుట్టి చుట్టి, ఆమె చెవులు పోయాయి. "ఏం జేస్తవ్ కొడుకా, ఎప్పుడు ఆ డబ్బల తలకాయ వెట్టి?" అని అడుగుతుంది, జవాబు వినపడదు. ఓదెలు కోరిక ఒక్కటే. సాంచెలు పోకముందు, అదే షెడ్డులో, ఎనిమిది పెద్ద బాక్సులు నేలమీద పెట్టి మిక్స్ మోగించాలి. చెవులకు అందనిది అరికాళ్లకైనా అందుతుంది. తన కొడుకు ఏం చేస్తాడో అమ్మకు ఒక్కసారి తెలియాలి.

ఉత్తర్వు చదివి, ఇది నా కోసమే రాసినట్టుందే అనుకున్నాడు పిచ్చివాడు.

దరఖాస్తు ఫారం ఆరు పేజీలు. శేషశయనం దాన్ని ముందేసుకుని కలం తెరిచాడు.

"సంగీతము పేరు?"

"సాంచెలు, సార్."

"నిర్మాత?"

"నేనే సార్. ప్రొడ్యూసర్‌ను నేనే."

శేషశయనం కళ్లద్దాల మీదుగా ఓదెలు రబ్బరు చెప్పులను చూశాడు. "ఇంతవరకు ఎన్ని సినిమాలు తీశారు?"

"సినిమాలు గాద్సార్. గీ సంగీతంల తయారు జేసెటోన్నే ప్రొడ్యూసర్ అంటరు."

"చేసేవాడు కర్త. చేయించేవాడు నిర్మాత. రెండూ మీరే అయితే, నిర్మాత హోదాలో మీరు కర్త హోదాలో ఉన్న మీకు ఇచ్చిన అంగీకారపత్రం జతపరచాలి. ఇద్దరి సంతకాలూ వేర్వేరుగా ఉండాలి."

ఓదెలు ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిషులో పెట్టాడు.

"గాయకుడు?"

"లేడ్సార్."

"సాహిత్యం?"

"లేద్సార్. అంత సాంచెల సప్పుడే. దాన్నే రీమిక్స్ జేసిన."

"పునర్మిశ్రమం!" శేషశయనం ముఖం వెలిగింది. దానికి వేరే ఫారం ఉంది. "అయితే మూలకర్త నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి."

"మూలం అంటే సాంచెలే గద సార్."

"వాటి నుంచే తేవాలి."

ఓదెలు నవ్వాడు. ఎదుటివాడు నవ్వడం లేదని చూసి నోరు మూసుకున్నాడు. కార్ఖానా యజమాని సేటు ఇంటి చుట్టూ వారం తిరిగి, "నా సాంచెలకు ఎట్టి అభ్యంతరమును లేదు" అని స్టాంపు వేసిన కాగితం తెచ్చాడు.

పద్నాలుగో ప్రశ్న దగ్గర మళ్లీ ఆగింది. ఒక పాట ముగియకముందే మరొక పాట ప్రారంభించు అలవాటు కలదా?

"మిక్స్ అంటెనే గది సార్. ఒకటి పోతుంటె ఇంకోటి అండ్లకెళ్లి ఒస్తది. అది ఎక్కడ గలిసిందో తెల్వకుంట ఒచ్చుడే పనితనం."

"అంటే కలదు," అని రాసుకుని, పక్కన ఎర్ర సిరాతో "క్రమశిక్షణారాహిత్యము" అని చేర్చాడు శేషశయనం.

బయట వరండాలో డీజే టైగర్ కనిపించాడు. జిల్లాలో అందరికంటే ఎక్కువ అద్దాలు పగలగొట్టింది అతనే. చేతిలో అప్పుడే లామినేషన్ చేయించిన ధ్రువపత్రం ఉంది. ప్రథమ శ్రేణి.

"నీకెట్లొచ్చిందిరా?" అన్నాడు ఓదెలు.

"ఏం లేదన్నా. పాత దరువే. మీదికెళ్లి పందొమ్మిదో ఎక్కం సదివిపిచ్చిన. పందొమ్మిది తొమ్మిదుల నూట డెబ్బయొకటి అనంగనే సారు సప్పట్లు గొట్టిండు."

నెల తిరక్కుండా జిల్లాలోని బరాతులన్నీ బుద్ధిమంతమైపోయాయి. ఒక వీధిలో దేశాల రాజధానులు, ఒక వీధిలో మూలకాల పట్టిక, చౌరస్తాలో సంధి సూత్రాల రీమిక్స్. కిటికీ అద్దాలు మునుపటిలాగే రాలుతున్నాయి. ఒక ముసలాయన ఫిర్యాదు ఇవ్వబోతే, ధ్రువీకరించబడిన బుద్ధి మీద ఫిర్యాదు తీసుకొనబడదని తిప్పి పంపారు.

ఓదెలుకు మండలి పిలుపు వచ్చేసరికి లారీ వచ్చే శుక్రవారానికి ఇంకా పది రోజులుంది. మండలిలో ముగ్గురు: ప్రబోధరావు గారు, ఒక చెవి డాక్టరు, రిటైరైన లెక్కల మాస్టారు నీలకంఠం గారు. ఓదెలు ల్యాప్‌టాప్ తెరిచి మిక్స్ మొదలుపెట్టాడు. మొదట ఒకే ఒక సాంచె. తర్వాత రెండోది, కాస్త వెనకగా. మూడోది వచ్చేసరికి ప్రబోధరావు గారు చేతులు కట్టుకుని కళ్లు మూసుకున్నారు, తాను విదేశంలో నేర్చుకున్నట్టే. ఎనిమిదోది వచ్చి కలిసేసరికి టేబులు కింద నీలకంఠం మాస్టారి కుడికాలు తనంతట తాను లేచి దరువేయడం మొదలుపెట్టింది. ఆయన ఎడమకాలితో దాన్ని తొక్కిపట్టారు. ఎడమకాలు కూడా మొదలుపెట్టింది.

ప్రబోధరావు గారు కళ్లు తెరిచారు. టేబులు కిందికి వంగి చూశారు. సంగీతం ఆపించారు.

"మండలి అభిప్రాయం ఏమనగా," అన్నారు గొంతు సవరించుకుని, "ప్రస్తుత సంగీతమును ఆలకించు సందర్భమున గౌరవ సభ్యుల ఉభయ పాదములందును చలనము గమనించడమైనది. శిరస్సు కంటె ముందుగా పాదము స్పందించినందున, సదరు సంగీతము బుద్ధిని తప్పించుకొని పోయినట్లు భావించవలసి వచ్చుచున్నది. కావున తిరస్కరించడమైనది."

"సార్, కాలు కదిలిందంటె మంచిగున్నట్టే గద సార్!"

"మంచిగా ఉండుట వేరు, బుద్ధిగా ఉండుట వేరు."

నీలకంఠం మాస్టారు సిగ్గుతో తలదించుకున్నారు. ఓదెలుకు కడుపు మండిపోయింది. ఎక్కాలకు ఇచ్చిన కాగితం ఇన్నేళ్ల కష్టానికి ఇవ్వరా? అయినా నోరు పారేసుకుంటే నష్టపోయేది తనే. చేతులు జోడించాడు.

"సార్, మావోల్లు కదలరు సార్. నేను మోగిచ్చేది బరాత్‌ల గాదు, కార్ఖానల. వచ్చెటోల్లందరు సాంచెల పనోల్లు. ముప్పయేండ్లు ఆ మోతల వనిజేసి చెవులు వోయినయ్. వాల్లకు పురాగ ఇనవడది సార్."

ప్రబోధరావు గారి కళ్లలో వెలుగు చేరింది. అసలు సంగతేమిటంటే ఆయన తన పథకం ఫోటోలు పర్యటనలో పరిచయమైన విదేశీ మిత్రులకు పంపాలి. టైగర్ బరాతుల్లో తీసిన ప్రతి ఫోటోలోనూ ఎవడో ఒకడు మూలకాల పట్టికకు చొక్కా విప్పి ఎగురుతున్నాడు.

"వినపడదా?" అన్నారాయన మెల్లగా. "ఒక్కరికీ?"

"ఒక్కలకు గూడ, సార్."

"ఆదర్శ శ్రోతలు!" అన్నారు ప్రబోధరావు గారు లేచి నిలబడి.

షరతులతో అనుమతి మంజూరైంది. శుక్రవారం ఉదయం పది గంటలకు, అధికారుల ప్రత్యక్ష పర్యవేక్షణలో. వచ్చే పద్దెనిమిది మంది కార్మికులూ ముందుగా ఒక పూట ఆస్వాదన శిక్షణ పొందాలి. బుధవారం పద్మశాలి సంఘం హాలులో ఆ శిక్షణ జరిగింది. శిక్షకుడు తల ఎలా ఊపాలో బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. కుడికి పదిహేను డిగ్రీలు, ఎడమకు పదిహేను, ముందుకు పది. భుజం కలిస్తే తప్పు.

"అర్థమైందా?" అని అరిచాడు.

"తిన్నమయ్యా, తిన్నం. సల్లగుండు," అన్నాడు అందరిలో పెద్దవాడు నర్సయ్య.

అందరూ ఉత్తీర్ణులయ్యారు.

శుక్రవారం పొద్దున్నే లారీ వచ్చి కార్ఖానా ముందు ఆగింది. పన్నెండింటికి ఎక్కించుకుంటామని డ్రైవరు చెట్టు నీడకు పోయాడు. లోపల ముప్పై రెండు సాంచెలూ దుమ్ము కప్పుకుని ఉన్నాయి. గోడవారగా సుద్దముక్కతో పద్దెనిమిది గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో మనిషిని నిలబెట్టారు. రాజవ్వది చివరి గడి. శేషశయనం చేతిలో పరిశీలన పత్రం ఉంది. అందులో రెండే గళ్లు: నిశ్చలము, నృత్యము. ఫోటోగ్రాఫరు సిద్ధమయ్యాడు. ప్రబోధరావు గారు ఇరవై నిమిషాలు ప్రసంగించారు, వినపడనివాళ్లంతా శ్రద్ధగా విన్నారు.

ఎనిమిది బాక్సులనూ అద్దె జనరేటరుకు కలిపి ఓదెలు మీట నొక్కాడు.

మొదటి నిమిషం ఏమీ జరగలేదు. పద్దెనిమిది మందీ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫోటోలు చకచకా పడ్డాయి. ప్రబోధరావు గారి మనసు ఆ పాత హాలులో తేలిపోయింది. పది సాంచెలు కలిసే చోటికి మిక్స్ వచ్చేసరికి నర్సయ్య తన కాళ్లవైపు చూసుకున్నాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. అతన్ని చూసి అందరూ విడిచారు. నర్సయ్య గడి దాటి, తాను ఇరవై ఏళ్లు నడిపిన సాంచె దగ్గరికి పోయి, వంగి, లేని దారాన్ని రెండు వేళ్లతో పట్టి ముడేశాడు. ముడేసి పక్క సాంచెకు పోయాడు. అతని వెనక ఇంకొకడు. చూస్తుండగానే సుద్దగళ్లన్నీ ఖాళీ అయ్యాయి. రెండు సాంచెల మధ్య మనిషి ఓరగా తిరిగితే గాని పట్టని సందుల్లో పదిహేడు మంది అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒకరికొకరు తగలడం లేదు. ఎవరికీ తొందర లేదు. ఆ చలనమంతా ఓదెలు కూర్చిన దరువు మీదే సాగుతోంది. రాజవ్వ మాత్రం గోడవారన కింద కూర్చుంది. ఆమె కుడిచెయ్యి కండె చుడుతోంది.

"చలనం!" అని కేకేశారు ప్రబోధరావు గారు. "నృత్యం! ఆపండి! శేషశయనం, నమోదు చేయండి!"

శేషశయనం కలం పట్టుకుని చాలాసేపు చూశాడు. "సార్, ఇది నృత్యం కాదు సార్."

"నిశ్చలమా?"

"అదీ కాదు సార్. పని చేస్తున్నారు."

ప్రబోధరావు గారు ఆలోచించారు. నృత్యమని రాస్తే అనుమతి ఇచ్చిన తప్పు తనది. నిశ్చలమని రాస్తే ఫోటోలు ఒప్పుకోవు. "పని అనే రాయండి," అన్నారు చివరకు. "నృత్యం కానప్పుడు ఇది మన పరిధిలోకి రాదు. సంబంధిత శాఖకు పంపేయండి." కారెక్కి వెళ్లిపోయారు.

అప్పుడే రాజవ్వ చుట్టడం ఆపి, నేలమీద అరచెయ్యి ఆనించి, కొడుకు వైపు తిరిగింది. వినపడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా అరిచింది.

"కొడుకా! ఏడో నంబర్ సాంచెకు దారం దెగుతున్నది, సూడు!"

ఓదెలు చేతులు మీటల మీదే ఆగిపోయాయి. ఏడో నంబరు సాంచెలో దారం తెగే ముందు వచ్చే సన్నని తడబాటును అతను మిక్స్ మధ్యలో, మిగతా మోత అడుగున దాచిపెట్టాడు. ఇంటర్నెట్‌లో పెడితే విన్న రెండు వందల మందిలో దాన్ని ఒక్కరూ పట్టుకోలేదు. ఇన్నేళ్లలో అతన్ని అంత లోతుగా విన్నవాళ్లు లేరు. ఓదెలు అందరి ముందూ ఏడ్చాడు, సిగ్గుపడలేదు.

పన్నెండింటికి సాంచెలు లారీ ఎక్కాయి.

పన్నెండు రోజులకు ఒక నోటీసు వచ్చింది. శేషశయనం పంపిన కాగితం ఏ శాఖకు చేరాలో ఆ శాఖకు చేరింది. ఓదెలు గడపలో కూర్చుని దాన్ని రాజవ్వకు నోటితోనూ చేతులతోనూ చదివి చెప్పాడు. "తాము మూతపడిన కర్మాగారమునందు, విద్యుత్ సరఫరా లేకపోయినను, ముప్పది రెండు మరమగ్గములను నలుబది రెండు నిమిషములు నడిపి, పదునెనిమిది మంది కార్మికులచే పని చేయించినట్లు అధికారుల ప్రత్యక్ష పరిశీలనలో రుజువైనది. ఇందుపై తమ సంజాయిషీని, ఉత్పత్తి అయిన వస్త్రమును మూడు దినములలో దాఖలు చేయవలెను."

రాజవ్వ నుదురు ముడేసింది. "ఎన్ని నడిచినయన్నడు?"

ఓదెలు మూడు వేళ్లు, తర్వాత రెండు వేళ్లు చూపించాడు.

"ముప్పై రెండా? ఆఖరు నాలుగు మీ నాయినయి గదరా. ఆయన వోయినప్పటి సంది ఎవ్వలు ముట్టలే. అవి నడ్వక తొమ్మిదేండ్లాయె. అవి గూడ నడిచినయని రాసిన్రా?"

మిగతావాటిలా ఆ నాలుగింటి చప్పుడు ఓదెలు రికార్డు చేసింది కాదు. చేసేనాటికి అవి తుప్పుపట్టి ఉన్నాయి. చిన్నప్పటి జ్ఞాపకం మీద, ఒక్కొక్క దెబ్బా వెతుక్కుంటూ తయారుచేశాడు. అందుకే మూడేళ్లు పట్టింది.

"రాసిన్రవ్వా," అన్నాడు తలూపుతూ.

"అయితే దస్కతు వెట్టు. అండ్ల అబద్ధమేం లేదు." రాజవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"బట్ట దెచ్చియ్యిమంటున్నరే. బట్టేదని రాయాలె?" ఓదెలు చొక్కా అంచు పట్టి చూపించి, చెయ్యి తిప్పి అడిగాడు.

రాజవ్వ ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

"సేటు తీస్కవోయిండని రాయి. ఎన్నడైన గంతే గద."

ఓదెలు అలాగే రాసి పంపాడు. సంజాయిషీ సమంజసముగా ఉన్నదని శాఖ ఫైలు మూసేసింది.